సంజాయిషీలు వద్దు, చిత్తుప్రతులు చూపించండి: స్టార్ వార్స్ కథ చూసుకునేవారికి బహిరంగ లేఖ

లూకాస్‌ఫిల్మ్ స్టోరీ గ్రూప్ సభ్యులందరికీ,

నమస్కారం.

స్టార్ వార్స్ సినిమాల్లో ఒకచోట అన్న మాటకి మరోచోట పొంతన కుదరనప్పుడు ఆ రెండిటినీ అతికించే పని మీది. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఏ ఓడ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళింది, ఎవరికి ఏ సంగతి ఎప్పుడు తెలిసింది, ఇవన్నీ మీ లెక్కల్లో ఉంటాయి. అది చిన్న పని కాదు. ఆ పని చేసేవాళ్ళకి ఈ కథంటే ఎంత ఇష్టమో ఊహించగలను. ఆ ఇష్టం నాకూ ఉంది కాబట్టే అడుగుతున్నాను: పాత తప్పులకి కొత్త సంజాయిషీలు అల్లడం ఆపండి. తప్పు ఎలా వచ్చిందో నిజం చెప్పండి. ఆ నిజం మీరు అల్లే ఏ సంజాయిషీ కన్నా ఎప్పుడూ బాగుంటుంది.

తప్పులు చూసి మేం నవ్వుకోం. దశాబ్దాల తరబడి, ఎందరో రచయితల చేతుల మీదుగా సాగిన కథలో పొరపాట్లు దొర్లకపోతేనే ఆశ్చర్యం. మాకు నవ్వు తెప్పించేవి వాటిని మసిపూసి మారేడుకాయ చేసే ప్రయత్నాలు.

అందరికీ తెలిసినదానితోనే మొదలుపెడతాను. 1977లో వచ్చిన మొదటి సినిమాలో హాన్ సోలో తన ఓడ గురించి గొప్పలు పోతూ, అది కెస్సెల్ రన్ అనే స్మగ్లర్ల దారిని పన్నెండు పార్సెక్‌ల లోపే ముగించిందంటాడు. పార్సెక్ దూరానికి కొలత, కాలానికి కాదు. ఒక పార్సెక్ అంటే దాదాపు 3.26 కాంతి సంవత్సరాలు. ఎంత వేగంగా వెళ్ళావంటే ఎంత దూరం వెళ్ళాడో చెబుతున్నాడు. 1990ల నవలల్లోనే దీనికి సమాధానం పుట్టింది: ఆ దారిలో కృష్ణ బిలాల గుంపు ఉందట, హాన్ వాటికి బాగా దగ్గరగా దూసుకుపోయాడట, అందుకని దూరం తగ్గిందట. 2018లో ఆ సమాధానం కోసం సినిమాలో ఒక పెద్ద ఘట్టమే తీశారు. ఇరవై పార్సెక్‌ల దారిని సుడిగుండాల మధ్య నుంచి, ఓ రాక్షస జంతువు నోటి నుంచి తప్పించుకుంటూ హాన్ అడ్డంగా కోసుకుంటూ వస్తాడు. తీరా వచ్చి పన్నెండు అనగానే పక్కనున్న నేస్తం చ్యూబాకా గుర్రుమంటాడు. కిందికి సరిచేసి చెబితే పన్నెండే కదా అని హాన్ సర్దుకుంటాడు. ఆ మొత్తం ఘట్టంలో నాకు నచ్చింది ఆ ఒక్క మాటే. ఎందుకంటే అక్కడ అసలు హాన్ ఒక్క క్షణం కనబడ్డాడు.

అసలు హాన్ ఎవరు? జబ్బా అనే ముఠా నాయకుడి దగ్గర అప్పుపడి, ఎలాగైనా ఒక బేరం కుదుర్చుకోవాలని చూస్తున్న స్మగ్లర్. ఎదురుగా ఓబీవాన్ అనే ఓ ముసలాయన, ల్యూక్ అనే ఓ పల్లెటూరి కుర్రాడు. వాళ్ళకేం తెలుస్తుందిలే అని నోటికొచ్చిన గొప్ప చెబుతాడు. ఓబీవాన్ ఆ డాంబికాన్ని పసిగట్టినట్టు చూస్తాడని స్క్రిప్టులోనే రాసి ఉంది. ఆ వేషం వేసిన అలెక్ గిన్నెస్ ముఖంలో అది కనబడుతుంది కూడా. అంటే అక్కడ సరిదిద్దడానికి తప్పే లేదు. ఒక మనిషి స్వభావాన్ని ఒక్క వాక్యంలో పట్టిచ్చిన మంచి రచన ఉంది. దాన్ని మీరు నిజం చేసేశారు. గొప్పలు చెప్పేవాడు నిజమే చెబుతున్నాడని తేలితే ఇక ఆ సన్నివేశంలో ఏం మిగిలింది? స్క్రిప్టులోని ఆ ఒక్క పంక్తి చూపించి ఉంటే సరిపోయేది.

సంజాయిషీలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. ఈ సాగాలోని అతి పెద్ద అతుకు, నా దృష్టిలో, దీనిలోని అతి గొప్ప సంగతి కూడా. 1977లో ఓబీవాన్ ల్యూక్‌తో, డార్త్ వేడర్ మీ నాన్నకి ద్రోహం చేసి చంపాడని చెబుతాడు. 1980లో వేడర్, మీ నాన్నని నేనే అంటాడు. ఇదంతా ముందే అనుకున్నదని చాలామంది నమ్ముతారు. కాదు. రెండో సినిమాకి మొదటి చిత్తుప్రతి లీ బ్రాకెట్ రాసింది. అందులో ల్యూక్ తండ్రి ఆత్మగా, వేడర్‌తో సంబంధం లేని వేరే మనిషిగా వచ్చి కొడుకుతో మాట్లాడతాడు. ఆ ప్రతి ఇచ్చిన కొద్దికాలానికే, 1978 మార్చిలో, బ్రాకెట్ చనిపోయింది. ఆ తర్వాత ఈ సాగా సృష్టికర్త జార్జ్ లూకాస్ తనే కూర్చుని రాసిన ప్రతిలో వేడర్ తండ్రి అయ్యాడు. షూటింగులో ఆ రహస్యం బయటికి పొక్కకుండా వేడర్ వేషంలో ఉన్న డేవిడ్ ప్రౌస్ చేత వేరే మాట అనిపించారు. అసలు మాట ఏమిటో ల్యూక్ వేషంలో ఉన్న మార్క్ హామిల్‌కి షాట్‌కి కాస్త ముందు మాత్రమే చెప్పారు.

మరి ఓబీవాన్ మాట అబద్ధం అయిపోయిందిగా? 1983లో దానికి సంజాయిషీ వచ్చింది: ఒక దృష్టితో చూస్తే తను చెప్పింది నిజమేనని ఓబీవాన్ అంటాడు. ఇది పచ్చి సమర్థింపు. అయితే ఆ సమర్థింపుని సినిమా దాచిపెట్టదు. ల్యూక్ ఆ మాట విని కోపంతో, నమ్మలేక, అదే మాటని తిరిగి ఆయన ముఖాన కొడతాడు. అందరూ పెద్దవాడని గౌరవించిన గురువు ఒక పిల్లవాడితో అబద్ధం చెప్పి, దొరికిపోయి, మాటలతో తప్పించుకోవాలని చూస్తున్నాడు. రచయితల ఇబ్బంది పాత్ర ఇబ్బందిగా మారింది. ఓబీవాన్ గౌరవానికి దెబ్బ తగిలింది, ల్యూక్ నమ్మకానికి దెబ్బ తగిలింది. కథలో ఎవరికో ఒకరికి ఏదో ఒక నష్టం జరిగితేనే ఆ అతుకు నిలుస్తుంది. ఎవరికీ ఏమీ కాకుండా లెక్క మాత్రం సరిపోతే అది గుమాస్తా పని.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే దాని గురించి మాట్లాడతాను. అదే సినిమాలో, 1983లో, ఎండోర్ అడవిలో రాత్రిపూట ల్యూక్ తన చెల్లెలిని అడుగుతాడు: నీకు మీ అమ్మ గుర్తుందా, నీ కన్నతల్లి? కొంచెం గుర్తుంది, నా చిన్నప్పుడే చనిపోయింది అంటుంది లియా. ఏవో రూపాలు, ఏవో అనుభూతులు. చాలా అందంగా ఉండేది, దయగా ఉండేది, కానీ దిగులుగా ఉండేది. నాకైతే అమ్మ జ్ఞాపకమే లేదు అంటాడు ల్యూక్. ఈ సాగాలో ఇంత మెత్తగా, ఇంత తక్కువ మాటలతో రాసిన సన్నివేశం ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరికి తల్లి జ్ఞాపకం దక్కింది, ఇంకొకరికి అదీ దక్కలేదు.

2005 సినిమాలో వాళ్ళ తల్లి పద్మే ఇద్దరినీ కని, పేర్లు పెట్టి, అక్కడే చనిపోయింది.

సంజాయిషీలు వరదలా వచ్చాయి. లియా చెప్పింది పెంపుడు తల్లి బ్రేహా గురించి అన్నారు కొందరు. ల్యూక్ కన్నతల్లి అని విడమరిచి అడిగాడు కదా. పైగా బ్రేహా రాణి తన గ్రహం ఆల్డెరాన్ పేలిపోయినప్పుడు దానితో పాటు పోయిందే గాని లియా పసితనంలో కాదు. లియాకి ఫోర్స్ అనే అతీత శక్తి ద్వారా తల్లి రూపం కనబడింది అన్నారు ఇంకొందరు. ఎక్కువమంది ఒప్పుకున్నది ఇదే. నాకు ఇదే అన్నిటికన్నా అన్యాయంగా అనిపిస్తుంది. ఫోర్స్ వల్లనే అయితే ల్యూక్‌కి ఎందుకు లేదు? ఇద్దరిలో ముందు పుట్టింది అతనే, తల్లి దగ్గర కొన్ని క్షణాలు ఎక్కువ ఉన్నదీ అతనే, ఆ మాటలు నడిచే నాటికి ఫోర్స్‌ని వాడే జెడై యోధుడిగా శిక్షణ పొందినదీ అతనే. ఫోర్స్ చెల్లెలికి తల్లి దిగులుని చూపించి అన్నకి ఏమీ చూపించలేదంటే అది కథ కోసం కాదు, లెక్క కోసం.

దీని వెంటే ఇంకొకటి. పద్మే ఎందుకు చనిపోయింది? శరీరంలో ఏ లోపమూ లేదు, బతకాలన్న కోరిక పోయింది అని వైద్యం చేసే రోబో చెబుతుంది. ఇప్పుడే ఇద్దరు బిడ్డల్ని కన్న తల్లి, అన్ని యుద్ధాల్లో ముందు నిలబడ్డ సెనేటర్, కోరిక పోయి చనిపోయిందట. ఆ మాట మింగుడుపడక అభిమానులు ఇంకో సంజాయిషీ తెచ్చారు: చక్రవర్తి పాల్పటీన్ దూరం నుంచే ఆమె ప్రాణం లాగి వేడర్‌కి పోశాడని. ఒక చిల్లు పూడ్చడానికి ఇంత పెద్ద మంత్రతంత్రం కావాల్సి వచ్చింది.

నిజం ఇంతకన్నా సూటిగా ఉంది. 1983 సినిమా నవలారూపంలో ఓబీవాన్ ల్యూక్‌తో, మీ అమ్మ లియాని తీసుకుని ఆల్డెరాన్‌లో లియా పెంపుడు తండ్రి ఒర్గానా దగ్గరికి వెళ్ళిందని చెబుతాడు. అంటే ఆనాటి ఆలోచనలో ఆ తల్లి కొన్నాళ్ళు బతికింది. దిగులుతో, దాక్కుని, కూతురితో కొన్నేళ్ళు బతికిన ఒక స్త్రీ ఆ కథలో ఉంది. 2005కి వచ్చేసరికి దర్శకుడికి వేరేది కావాలనిపించింది. ఒకవైపు బిడ్డల పుట్టుక, మరోవైపు నల్ల ముసుగులో వేడర్ పుట్టుక, ఆమె చావు, అతని కొత్త ఊపిరి, అన్నీ ఒకదాని పక్కన ఒకటి రావాలి. తెర మీద అది చాలా బలంగా ఉంటుంది. ఆ బలం కోసం పాత సన్నివేశాన్ని వదులుకున్నారు. కళాకారుడు తీసుకున్న నిర్ణయం అది. దాన్ని అలాగే చెబితే నేను ఒప్పుకుంటాను, కాదనుకుంటే వాదిస్తాను. ఫోర్స్ అని చెబితే మాత్రం రెండూ చెయ్యలేను.

అన్నాచెల్లెళ్ళ ముద్దు సంగతి ఎక్కువ సాగదీయను. 1980లో ఆ ముద్దు తీసినప్పుడు లియా చెల్లెలని ఇంకా తేలలేదు. బ్రాకెట్ ప్రతిలో ల్యూక్‌కి చెల్లెలు ఉంది, ఆమె పేరు నెల్లిత్, లియా కాదు. 1983లో మాత్రం లియా నోట, నాకు ఎప్పటి నుంచో తెలుసు అన్న మాట పెట్టారు. ఊరడించడానికి పెట్టిన ఆ మాట ముద్దుని ఇంకాస్త ఇబ్బందిలోకి నెట్టింది.

సంజాయిషీలతో వచ్చే అసలు చిక్కు ఇదే, ఒకటి పూడ్చితే పక్కన ఇంకోటి తెరుచుకుంటుంది. గ్రహాల్ని పేల్చే డెత్ స్టార్ అంతటి అంతరిక్ష కోటకి, దాన్నే కూల్చేయగల రెండు మీటర్ల రంధ్రం ఎవరు వదిలారన్నది పాత ప్రశ్న. 2016 సినిమా దానికి జవాబిచ్చింది: దాని కోసం పనిచేసిన శాస్త్రవేత్త గేలెన్ ఎర్సో కావాలనే దానిలో లోపం పెట్టాడు. ఇది నాకు నచ్చిన జవాబు. ఒక తండ్రి, ఒక కూతురు, ఎందరో మామూలు మనుషులు దానికోసం ప్రాణాలిచ్చారు. కానీ ఆ సినిమా చివర లియా ఓడ వేడర్ కళ్ళ ముందే యుద్ధరంగం నుంచి తప్పించుకుంటుంది. కథలో దాని వెనకే వచ్చే 1977 సినిమాలో ఆమె అదే వేడర్‌తో, నేను దౌత్యం పని మీద ఆల్డెరాన్‌కి వెళ్తున్నాను అంటుంది. ఇంతకాలం ధీమాగా వినిపించిన మాట ఇప్పుడు దొరికిపోయిన దొంగ మాటలా ఉంది. అలాగే 2022 సిరీస్‌లో పదేళ్ళ లియాని ఓబీవాన్ స్వయంగా కాపాడి తీసుకొచ్చాడు. మరి 1977లో ఆయనకి పంపిన సందేశంలో, మీరు క్లోన్ యుద్ధాల్లో మా నాన్న దగ్గర పనిచేశారు అని కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు ఎందుకు మాట్లాడింది? సందేశం శత్రువులకి చిక్కినా ఆనవాలు దొరక్కూడదని, అంటున్నారు. అలాగైతే ఆయన పేరే ఎందుకు పలికింది?

సినిమాలో చెప్పాల్సినది సినిమా బయట చెప్పడం మరో పద్ధతి. 2019 సినిమాలో చనిపోయిన చక్రవర్తి తిరిగి వచ్చాడు. ఎలా అంటే, ఎలాగో వచ్చాడు అని ఒక పాత్ర చెబుతుంది. అతను విశ్వమంతటికీ పంపిన ప్రకటన గురించి సినిమా మొదట్లో జారే అక్షరాల్లో ఉంటుంది, ప్రకటన మాత్రం సినిమాలో వినబడదు. అది ఫోర్ట్‌నైట్ అనే వీడియో గేమ్‌లో వినిపించారు. టికెట్ కొని వచ్చి కూర్చున్న ప్రేక్షకుడు ఏం పాపం చేశాడు? 2015లో సీ-త్రీపీఓకి ఎర్రచెయ్యి ఎందుకొచ్చిందో 2016లో ఒక కామిక్‌లో చెప్పారు. అది మంచి కథే. కానీ ఎర్రచెయ్యికి కథ లేకపోయినా ఎవరికీ నష్టం లేదు. పాత రోబోకి దొరికిన చెయ్యి తగిలించారని ఎవరైనా అనుకుంటారు. చక్రవర్తి సంగతి అలా కాదు. కథంతా ఆధారపడిన ప్రశ్నకి తెర మీద జవాబు లేదు, ఎవరూ అడగని ప్రశ్నకి మాత్రం పుస్తకం ఉంది.

మా వైపు ఒక పద్ధతి ఉంది, మీకు చెప్పాలనిపిస్తోంది. వినాయకుడి పుట్టుక ఒక పురాణంలో ఒకలా, మరో పురాణంలో ఇంకోలా ఉంటే, విన్నవాళ్ళు ఏది నిజమని అడిగితే, పౌరాణికుడు కల్పభేదం అంటాడు. ఒక కల్పంలో అలా జరిగింది, మరో కల్పంలో ఇలా జరిగింది. రెండు కథలూ ఉంటాయి, రెండిటినీ చెప్పుకుంటారు. ఒకదాన్ని సరిచేయడానికి మరోదాన్ని చెరిపేయరు. 2014 ఏప్రిల్‌లో మీ సంస్థ దాదాపు ఇదే చేసింది. అప్పటిదాకా వచ్చిన నవలలూ కామిక్స్‌నీ లెజెండ్స్ అన్న పేరు కింద వేరే పెట్టి, కొత్త సినిమాలకి అవి అడ్డురావని ప్రకటించింది. ఆనాడు చాలామంది బాధపడ్డారు. నాకు మాత్రం అది మీరు చేసిన అతి నిజాయితీ గల పని అనిపిస్తుంది. ఆ పుస్తకాలు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి, ఒక్క వాక్యమూ మార్చలేదు. అదే మర్యాద సినిమాలకి ఎందుకు దక్కలేదు?

సినిమాలకి దక్కింది దిద్దుబాటు. 1977లో హోటల్ బల్ల దగ్గర, తనని పట్టుకోవడానికి వచ్చిన గ్రీడోని హాన్ ఒక్కడే కాలుస్తాడు. 1997 ప్రతిలో గ్రీడో ముందు కాలుస్తాడు, అంత దగ్గర నుంచి గురి తప్పుతాడు. 2004లో ఇద్దరూ దాదాపు ఒకేసారి. 2019లో స్ట్రీమింగ్‌కి వచ్చిన ప్రతిలో గ్రీడో మక్లంకీ అని ఏదో అరిచి మరీ కాలుస్తాడు. గ్రీడోయే ముందు కాల్చాడన్నది మొదటి నుంచీ తన ఉద్దేశమని లూకాస్ తర్వాత చెప్పుకొచ్చారు. కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో బయటపడ్డ 1976 నాటి స్క్రిప్టు ప్రతిలో మాత్రం కాల్చింది హాన్ ఒక్కడే. లియాని పెళ్ళాడబోయేవాడు హంతకుడిలా కనబడకూడదని ఆయన తర్వాత అనుకున్నారు. అనుకోవడం ఆయన హక్కు. అనుకున్నది మొదటి నుంచీ ఉందనడమే నాకు మింగుడుపడదు. డబ్బుకోసం పనిచేసే స్వార్థపరుడు చివరికి స్నేహితుల కోసం వెనక్కి తిరిగొచ్చినప్పుడు హాళ్ళు హోరెత్తాయి. మొదట్లో అతన్ని మంచివాణ్ణి చేసేస్తే ఆ తిరిగి రావడంలో గొప్పేముంది? అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీ 1989లో ఈ సినిమాని ఎంచుకుంది. అప్పటికి ఈ దిద్దుబాట్లు లేవు.

ఇవన్నీ చూసి మీకు హాస్యం లేదనుకోను. 1977 సినిమాలో తలుపు దాటుతూ ఒక స్టార్మ్‌ట్రూపర్ తల ఠపీమని కొట్టుకుంటాడు. శిరస్త్రాణంలోంచి సరిగ్గా కనబడని నటుడు చేసిన పొరపాటు, ఎడిటింగులో మిగిలిపోయింది. 2004 ప్రతిలో దాన్ని తీసేయకుండా, దానికి చప్పుడు కలిపారు. 2002లో అయితే ఈ సైనికులకి మూలపురుషుడైన జాంగో ఫెట్ కూడా తన ఓడ తలుపుకి తల కొట్టుకుంటాడు. అది కావాలని పెట్టిన చమత్కారమని లూకాస్ చెప్పారు. దానికోసం నవల రాయలేదు, ఫోర్స్‌ని లాగలేదు. తప్పు జరిగిందని అందరికీ తెలుసు, మాకు తెలుసని మీకు తెలుసు, ఇద్దరం కలిసి నవ్వుకున్నాం. పాత మార్వెల్ కామిక్స్ కూడా పాఠకులు పట్టుకున్న తప్పులతో ఇలాగే ఆడుకునేవి. తప్పుకి మంచి సంజాయిషీ రాసి పంపినవాళ్ళకి నో-ప్రైజ్ అని రాసిన ఖాళీ కవరు వచ్చేది. సంజాయిషీ అల్లడం చదివేవాళ్ళ సరదా, దానికి ఎంత విలువ ఇవ్వాలో సంపాదకులకి తెలుసు. ఆ సరదా మాకు వదిలేయండి. మేం అల్లుకుంటాం, వాదించుకుంటాం, ఒకరినొకరు వెక్కిరించుకుంటాం. మీరు ముద్ర వేసిన క్షణంలో అది ఆట కాకుండా పోతుంది.

మీ దగ్గర ఉన్నది మా దగ్గర లేదు. చిత్తుప్రతులు మీ దగ్గర ఉన్నాయి. కంటిన్యుటీ చూసేవాళ్ళు సెట్ మీద రాసుకున్న నోట్సు మీ దగ్గర ఉన్నాయి. ఏ రోజు ఏ మాట కొట్టేశారు, ఏ సన్నివేశం ఎడిటింగులో పోయింది, ఎవరు వద్దన్నారు, ఇవన్నీ మీ భాండాగారంలో ఉన్నాయి. వాటిలో కొన్ని నిర్మాణ విశేషాల పుస్తకాల్లో ఇప్పటికే వచ్చాయి. అవి వచ్చినందువల్లే ఈ ఉత్తరంలో సగం సంగతులు నేను రాయగలిగాను. వాటివల్ల సినిమాల మీద నా ఇష్టం ఏ కాస్తా తగ్గలేదు. బ్రాకెట్ చనిపోవడం, లూకాస్ ఒంటరిగా కూర్చుని రాస్తూ ఆ తండ్రిని కనిపెట్టడం తెలిశాక, 1980 నాటి ఆ సన్నివేశం నాకు రెండింతలు నచ్చింది.

కాబట్టి నా విన్నపాలు ఇవి. స్ట్రీమింగ్‌లో ప్రతి సినిమా పక్కన దాని స్క్రిప్టు ప్రతుల్ని చదువుకోవడానికి పెట్టండి. ఎక్కడ మాట మారిందో అక్కడ, ఈ నిర్ణయం ఫలానా ఏడాది మారింది అని ఒక్క వాక్యం రాయండి. దిద్దిన ప్రతుల్ని ఉంచండి, వాటి పక్కనే 1977, 1980, 1983 ప్రతుల్ని తొలినాడు విడుదలైనట్టుగా ఇవ్వండి. చూసేవాళ్ళు తమకి కావాల్సిన కల్పాన్ని ఎంచుకుంటారు. కొత్త సినిమాలు రాసేవాళ్ళకి పాత చిల్లుల జాబితా ఇవ్వకండి. వాళ్ళకి వాళ్ళ పాత్రలు, వాళ్ళ కథలు ఉండనివ్వండి. పన్నెండు పార్సెక్‌లకి ఇంకో సమాధానం ఎవరైనా రాసి తెస్తే తిప్పి పంపండి. లియా తల్లి గురించి కామిక్ వేద్దామని ఎవరైనా అంటే, మొదట వాళ్ళ చేత 1983లోని ఆ అన్నాచెల్లెళ్ళ సన్నివేశం పూర్తిగా చూపించి, ఆ తర్వాత కూడా వెయ్యాలనిపిస్తుందేమో అడగండి.

ఇట్లు,
మీ సాగాని ప్రేమించే ఒక తెలుగు ప్రేక్షకుడు